మసి అంటిన చోట

జూలై 4, 1948. ఆదివారం

ఆరాధనకు ఒక్కదాన్నే వెళ్ళి వచ్చాను. ప్రభుదాస్ గారు ఎలా ఉన్నారని అందరూ అడిగారు. బాగున్నారన్నాను. చర్చి ఆవరణ కాబట్టి అబద్ధం కాస్త చిన్న గొంతుతో ఆడాను.

ఈస్టర్ అయిన వారానికి మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు ఈడుస్తోంది. మాటకు దెబ్బ తగల్లేదమ్మా, బాగానే వస్తుంది అన్నారు డాక్టరు గారు. వస్తుంది. ఈయన రానివ్వడం లేదు. రైల్వేలో ఫిట్టరుగా ఇంజన్ల చప్పుడును మించి అరిచిన మనిషి, ఇప్పుడు "ఊ" అంటారు, "ఊఁహూ" అంటారు, గోడ చూస్తారు. గడప దాటరు. కర్ర పట్టుకుంటే వీధి చివరిదాకా నడవగలరని డాక్టరు చెప్పినా దాటరు. నలుగురూ చూస్తారని కాబోలు. అది కూడా నోరు తెరిచి చెప్పలేదు, నేనే అనుకున్నాను.

నాకేం, మంచిదే. బడిలో పొద్దస్తమానం పిల్లల గోల. ఇంట్లోనైనా ప్రశాంతంగా ఉంది.

జూలై 9

ఇమాం వలి చాచా వచ్చారు. సీతాఫల్‌మండిలో తుపాకులు బాగుచేసే దుకాణం ఆయనది. మంచం కింది గోనెమూట చూపించి, తీసుకుపొమ్మన్నాను. అందులో ఉన్నది భర్మార్ సామాను. మూతి నుంచి మందు కూరి కాల్చే పాతకాలపు తుపాకీ. గొట్టం, మందు పేల్చే ఘోడా, జిట్రేగి కర్ర దిమ్మె, అన్నీ ఈయన చాచా దగ్గరే కొన్నారు, ఒంట్లో బాగున్నప్పుడు. కాప్రాలో మా బావగారు భద్రయ్య గారి జొన్నచేను మీద అడవిపందులు పడుతున్నాయి. లైసెన్సు ఆయన పేర ఉంది, పాత తుపాకీ పాడైంది. కొత్తది నా చేత్తో కట్టి ఇస్తానని ఈయన అన్నగారికి మాటిచ్చారు. అంతకుముందు ఒక్కటీ కట్టింది లేదు. ఇంజన్లు విప్పి బిగించినోణ్ణి, ఇదెంత అన్నారప్పుడు.

"వాపస్ తీసుకోను బిడ్డా," అన్నారు చాచా. "మూట ఇంట్ల ఉండనీ. మూట పోతే మనసు సుత పోతది."

ఈయన విన్నారు. గోడ వైపు తిరిగి విన్నారు.

జూలై 12

బడి నుంచి వచ్చి అన్నం తిన్నారా అంటే "ఊ". చెయ్యి నొప్పిగా ఉందా అంటే "ఊఁహూ". ఒళ్ళు మండింది. మూట విప్పి, దిమ్మె తీసి, ఆయన కుర్చీకి ఎదురుగానే చతికిలబడి, ఆయన ఉలితో కొట్టడం మొదలుపెట్టాను. ఏం చేస్తున్నానో నాకే తెలియదు. మంచం కింద శుభ్రం కావాలని, అంతే. ఇంకేం లేదు.

రెండో దెబ్బకు పెద్ద పెచ్చు లేచింది.

"గట్ల కాదు!"

తలెత్తి చూశాను.

"కర్రల నార ఎటు పోతున్నదో చూడకుంటనే కొడుతవా? పొయ్యిల కట్టెలనుకున్నవా? మంచి జిట్రేగి దిమ్మె! ఖరాబ్ చేస్తున్నవ్!"

ఇన్ని నెలల్లో ఈ ఇంట్లో వినబడ్డ పెద్ద మాట. నన్ను నోరారా తిట్టారు. వంటింట్లోకి వెళ్ళి తలుపు చేరవేసుకుని ఏడ్చాను. దేవా, నీకు స్తోత్రం.

మొహం కడుక్కుని బయటికి వచ్చి, కోపంగా ఉన్నదానిలా "మరెట్లా?" అన్నాను.

జూలై 18

బడిలో నేను టీచరమ్మను. ఇంటికొస్తే మొద్దు శిష్యురాలిని.

"మొదటిసారి కట్టేటోళ్ళు ఏం చేస్తరో తెల్సా? ముందుగాల బయట నున్నగ చేస్తరు. చూడనీకి తుపాకి లెక్క కొడితే వాళ్ళకు ఖుషీ. తప్పు. ముందు గొట్టం కూసోవాలె. దాని పక్కకు ఘోడా కూసోవాలె. అవి రెండు ఏడ కూసున్నయో చూసుకొని తక్కిన కర్ర చెక్కాలె."

"సరే, గీత గీశాను. గీత మీద కొట్టనా?"

"గీతకు లోపల కొట్టు. తక్కువ తీస్తే రేపు ఇంకింత తీయొచ్చు. ఎక్కువ తీస్తే రేపు ఏం పెడతవ్?"

అంతసేపు మాట్లాడి అలిసిపోయారు. గ్లాసుతో నీళ్ళిస్తే ఎడంచేత్తో అందుకున్నారు. ఇన్నాళ్ళూ ఎడంచెయ్యి చాపడం నామోషీ అని నేను తాగిస్తేనే తాగారు. నేను చూడనట్టే ఊరుకున్నాను.

జూలై 25

మసి పని నేర్చుకున్నాను. గొట్టానికి దీపం మసి పూసి, దిమ్మెలో దానికోసం చెక్కిన గాడిలో పెట్టి నొక్కాలి. తీసి చూస్తే కర్రకు అక్కడక్కడా నల్లగా అంటుతుంది. అంటిన చోట కర్ర ఎత్తుగా ఉన్నట్టు. అంటిన చోటే గీకాలి, పక్కన చెయ్యి పెట్టకూడదు. మళ్ళీ పూయాలి, మళ్ళీ నొక్కాలి, మళ్ళీ గీకాలి.

"ఎప్పటిదాకా?"

"గాడి మొత్తం ఒక్క తీరుగ నల్లబడేదాక. అప్పుడు గొట్టం కర్రను అంతట ముట్టుకున్నట్టు. జెర ఓపిక పట్టాలె. తుపాకి కట్టుడంటే సగం గీకుడే."

సరుకుల రాకపోకలు బంద్ అయ్యాక కిరోసిన్ దొరకడం లేదు. ఊరంతా ఆముదం దీపాలే. మసికి మాత్రం కరువు లేదు.

నొక్కడానికి నా బలం చాలలేదు. ఆయనే కుర్చీ దిగి, నా పక్కన కింద కూర్చుని, ఎడంచేత్తో గొట్టాన్ని అదిమి పట్టారు. ఇద్దరి తలలూ దగ్గరగా వచ్చాయి. పెళ్ళయిన కొత్తలో కూడా మేము పట్టపగలు ఇలా ఆనుకుని కూర్చోలేదు. సిగ్గుపడే వయసు కాదు నాది. పడ్డాను.

ఆగస్టు 3

ఒక సంగతి గమనించాను. నేను పని సరిగ్గా చేసిన రోజు ఆయన "ఊ" అని ఊరుకుంటారు. చెడగొట్టిన రోజు మాట్లాడతారు.

ఆగస్టు 5

ఈ రోజు ఉలి తిరగేసి పట్టుకున్నాను. గంటసేపు తిట్టారు. ఆ ఊపులోనే చిన్నప్పుడు కాప్రా చెరువులో బర్రె తోక పట్టుకుని ఈదిన కథ చెప్పారు. బర్రె మధ్యలో మనసు మార్చుకుని వెనక్కి తిరిగిందట. నవ్వారు. మూతి ఒక పక్కకే సాగింది. అయినా నవ్వే.

ఆగస్టు 15

పక్కింటి కాంతమణి వాళ్ళు బెజవాడ వెళ్ళిపోయారు. స్టేషన్‌లో కాలు పెట్టడానికి సందు లేదట. బడికి సగం మంది పిల్లలు కూడా రావడం లేదు. ఏ పూట ఏం వినాలో అని అందరూ పరేషాన్‌గా ఉన్నారు. మీరూ వచ్చేయండి అక్కా అంది కాంతమణి. గాడి ఇంకా పూర్తి కాలేదు, ఎలా వస్తామన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

గాడి మొన్ననే పూర్తయింది. ఆయనకు చెప్పలేదు.

ఆగస్టు 19

ఆయన మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు, గాడిలో ఒక్క తీరుగా అంటిన మసిని గుడ్డతో తుడిచేసి, బొటనవేలితో రెండు మూడు చోట్ల కొత్త మసి అద్దాను. తిరిగొచ్చి చూసి "ఇంక అంటుతున్నదా? గీకు" అన్నారు. గీకాను. ఇందులో ఎవరికేం నష్టం?

ఆగస్టు 23

మళ్ళీ అద్దాను. ఈసారి రైల్వేలో చేరిన మొదటి రోజు కథ. ఎన్నోసారి వింటున్నానో. ఎంత బాగా చెబుతారో.

ఆగస్టు 26

అద్దాను.

ఆగస్టు 31

చాచా చూడ్డానికొచ్చారు. ఆయన భార్య అక్బర్ బీ పంపిన రొట్టెలు ఇచ్చి, దిమ్మె చేతిలోకి తీసుకుని, గొట్టం పెట్టి చెవి దగ్గర ఊపారు. టకటకమంది.

"అరె బేటీ, గొట్టం లోపల దూకుతున్నది గదా! గింత లోతు ఎందుకు గీకినవ్?"

ఈయన దిమ్మె లాక్కుని వెలుతురుకు పెట్టి చూశారు. గాడిలో ఆ పొద్దున అద్దిన నా బొటనవేలి ముద్ర ఉంది, గీతలతో సహా. ఇనప గొట్టానికి వేలిముద్ర ఎక్కడిది? చాలాసేపు చూశారు. తర్వాత నా మొహం చూశారు. దిమ్మె పక్కన పెట్టి, లేచి, కుర్చీలో కూర్చుని గోడ వైపు తిరిగారు.

చాచా కూడా అంతా గ్రహించి వెళ్ళిపోయారు.

సెప్టెంబరు 2

మాట లేదు.

సెప్టెంబరు 4

మాట లేదు. నీళ్ళ గ్లాసు కూడా చేత్తో అందుకోవడం లేదు.

సెప్టెంబరు 7

కావాలని పప్పులో ఉప్పు ఎక్కువ వేశాను, ఉప్పు దొరకని రోజుల్లో. ఒక్క మాట అనకుండా తినేశారు. నేను తినలేకపోయాను.

సెప్టెంబరు 10

నేను చేసిన పనికి నన్ను నేనే తిట్టుకుంటున్నాను. అదైనా ఆయన తిడితే బాగుండు.

సెప్టెంబరు 13, సోమవారం

పొద్దున్నే ఆకాశంలో విమానాల మోత. ఇండియా ఫౌజు సరిహద్దు దాటిందని వీధంతా గుప్పుమంది. అందరూ తలుపులు వేసుకున్నారు. ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

ఇంకో విమానం ఇంటి మీదుగా పోయింది. అది దూరమయ్యాక అన్నారు, గోడను చూస్తూనే.

"నేను పిల్లగాన్నా ప్రేమా?"

"ఏమండీ..."

"ఏడుస్తున్న పోరగానికి ఆటబొమ్మ ఇచ్చినట్టు ఇచ్చినవ్ నాకు తుపాకి. నేనేమో సచ్చిన చెయ్యి పక్కకు పెట్టి, నా బుర్ర ఇంక పనికొస్తదనుకున్న. నా మాట ఇని ఒక మనిషి తుపాకి కడుతున్నదనుకున్న. నువ్వు నాటకమాడినవ్."

నాకూ కోపం వచ్చింది. భయం, కోపం కలిసి వచ్చాయి.

"ఆడాను! ఏం చేయమంటారు? బాగా చేస్తే మీరు నోరు మూసుకుంటారు. ఈ ఇంట్లో గోడతో మాట్లాడుకోలేక చస్తున్నాను నేను. మీ గొంతు వినాలని ఆడాను. తుపాకీ నాకెందుకు? పందులు ఆ చేనంతా మేసి పోనీండి! నాకు మీరు కావాలి!"

ఎంత పెద్దగా అరిచానో తర్వాత తెలిసింది. ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచి చూసి, విమానం కాదు, టీచరమ్మే అని మళ్ళీ మూసుకున్నారు.

ఆయన ఎడంచెయ్యి నా తల మీద పెట్టారు. బరువుగా, మొరటుగా. ఆ చేతికి నిమరడం అలవాటు లేదు.

"పిచ్చిదానా," అన్నారు. "మంచిగ చేసినప్పుడు సుత మాట్లాడుతలే. జెర అలవాటు కానీ."

సెప్టెంబరు 14

ఊళ్ళో ఫిరంగులు దూరంగా వినిపిస్తున్నాయని కొందరు, ఉరుములని కొందరు. మేము బయటికి పోలేదు. జిట్రేగి పేళ్ళు పలుచగా తీసి, లోతైన చోట్ల సరేసు జిగురుతో అతికించాము. ఎక్కువ తీసిన కర్రకు అదొక్కటే మందట. అతికిన చోట మళ్ళీ మసి, మళ్ళీ గీకడం. ఈసారి వేలితో అద్దలేదు.

"మంచిగ చేస్తున్నవ్," అన్నారు. అని, ఇంకేం చెప్పాలో తెలియక ఇబ్బందిపడి, "నీ చెయ్యి నిదానం. ఫిట్టరు పనికి సుత పనికొస్తవ్" అన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో నన్ను ఇంతగా మెచ్చుకున్నది లేదు.

సెప్టెంబరు 17

సాయంత్రం రేడియోలో నిజాం ప్రభువు మాట్లాడారట, యుద్ధం అయిపోయిందట. వీధిలో కొందరు జెండాలు తెచ్చారు. ఇమాం వలి చాచా దుకాణం తలుపులు వేసే ఉన్నాయని ఎవరో చెప్పారు. మా తుపాకీ గొట్టం ఇప్పుడు కదలడం లేదు. ఊపి చూశాను, చెవి దగ్గర పెట్టుకుని. చప్పుడు లేదు.

సెప్టెంబరు 21

తుపాకీ పూర్తయింది. అవిసె నూనె అరచేత్తో రుద్దాను, కర్ర ఎర్రగా తేలింది. మా ఇద్దరి మధ్య నేల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాము. కొత్త తుపాకీని మొదటిసారి భుజాన పెట్టి కాల్చకూడదట. చెట్టుకు కట్టి, దూరంగా నిలబడి, తాడుతో లాగాలట. "కాప్రాకు పోయి అన్న ముందరనే కాలుస్తం" అన్నారు. బయటికి వెళ్తాననడం అది మొదటిసారి. నేను ఊపిరి బిగబట్టి, ఆ మాట వినబడనట్టు నూనె గుడ్డ ఉతుక్కోవడానికి పోయాను.

సెప్టెంబరు 23

దండోరా వేశారు. లైసెన్సు ఉన్నా లేకున్నా ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉన్నా ఠాణాలో అప్పగించాలి. ఇంట్లో దొరికితే జైలు.

నాకు తుపాకీ పోతుందన్న బాధ లేదు. అది పోతే ఆయన మళ్ళీ గోడకు తిరుగుతారేమోనని భయం. దాచేద్దామా అని కూడా అనుకున్నాను. ఆయన మాత్రం వరండాలో కూర్చుని తుపాకీ తుడుస్తున్నారు.

అప్పుడే అక్బర్ బీ వచ్చింది, ముసుగులో, గోడ వారగా నడుచుకుంటూ. ఆమె ఒక్కతే ఇంత దూరం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ప్రభుదాస్ బేటా, మా ఇంటాయన దుకాణంల ఊరోళ్ళ తుపాకులున్నయి, రిపేరుకిచ్చినయి. అప్పజెప్పకుంటే పట్టుకపోతరు. అప్పజెప్పనీకి తుపాకులు చంకల పెట్టుకొని రోడ్డెక్కితే, గడ్డం ముసలాయన తుపాకులతోని వస్తున్నడని ఎవడన్న కాల్చి పారేస్తడు. రెండు దినాల నుంచి అన్నం ముడుతలేడు. తోడు పోనీకి ఎవ్వరు వస్తలేరు. ఏం చెయ్యాలె బేటా?"

పాపం, ఆమె అడగడానికి వచ్చింది మా తుపాకీ అప్పగించడానికి ఎవరైనా వెళుతుంటే, వాళ్ళతో చాచాను కూడా పంపుదామని. ఈయన గడప దాటరని ఆమెకూ తెలుసు. నేను వెళ్తాను అనబోయాను.

కుర్చీ కిర్రుమంది. ఆయన లేచారు.

"ప్రేమా, నా చొక్క తే. తెల్లది."

"ఏమండీ, సీతాఫల్‌మండి దాకా, అక్కణ్ణించి ఠాణా దాకా..."

"కుంటోణ్ణి ఎవడు కాలుస్తడే? చాచా పక్కకు నేను నడిస్తే ఆయనను సుత కాల్చరు. చొక్క తే."

బొత్తాలు నేను పెట్టాను.

మా తుపాకీ గోనెలో చుట్టి నేను పట్టుకున్నాను, నెమ్మదిగా వెళ్ళాము. చాచా మమ్మల్ని చూసి దుకాణం గుమ్మంలో నిలబడిపోయారు. "నువ్వు నడిచొచ్చినవా?" అని ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ. తుపాకులన్నీ మూతులు కిందికి పెట్టి, తెల్లదుప్పటిలో చుట్టి, తోపుడుబండి మీద వేసి, బండి నేను తోశాను. ఒక పక్క చాచా, ఇంకో పక్క ఈయన కర్ర పట్టుకుని కాలు ఈడుస్తూ. వీధి వీధంతా చూసింది. చూడనీ అన్నట్టు తలెత్తుకుని నడిచారు. ఎవరో "ఎవరది?" అని గద్దించారు. "రైల్వే ఫిట్టరు ప్రభుదాసును! తుపాకులు ఠాణాల ఇయ్యనీకి పోతున్నం, మా చాచా నేను!" అని ఆ పాత ఇంజన్ గొంతుతో అరిచారు. వీధి మూల నుంచి పేరు పెట్టి ఎవరో పలకరించారు.

ఠాణాలో సిపాయి ఒక్కొక్కటీ తీసుకుంటూ మా భర్మార్ దగ్గర ఆగాడు. ఇంత కొత్తది ఎవరు కట్టారని ఉర్దూలో అడిగాడు.

"నా పెండ్లాం," అన్నారీయన.

సిపాయి నవ్వాడు. అంతే. ఈయనకు కోపం వచ్చింది. గొట్టం ఎలా కూర్చోవాలో, మసి ఎందుకు పూస్తారో, మొదటిసారి కట్టేవాళ్ళు ఎక్కడ తప్పు చేస్తారో, మా ఆవిడ ఎక్కడ తప్పు చేసిందో, దాన్ని పేళ్ళు అతికి ఎలా దిద్దిందో, వచ్చిన ఉర్దూ అంతా ఉపయోగించి చెప్పారు. సిపాయి చేతిలో నిజం తుపాకీ ఉంది. వెనక ఎంతమందో నిలబడి ఉన్నారు. నేను చొక్కా లాగాను. ఆగరే! చాచా నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉన్నారు, కళ్ళ నీళ్ళు కారుతుండగా.

మా తుపాకీ ఆ కుప్ప మీద పెట్టేశారు. ఒక్కసారైనా పేలలేదు అది. పేలకపోతేనేం.

సెప్టెంబరు 24

పొద్దున లేచేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ప్రాణం పోయినంత పనైంది. చూస్తే ఆయన గుమ్మంలో కూర్చుని, ఎడంచేత్తో చెప్పు తొడుక్కోవడానికి తంటాలు పడుతున్నారు.

"ఎక్కడికి?"

"చాచా దుకాణానికి. తుపాకులు బంద్ అయితే ఏంది, తాళాలు కుట్టుమిషన్లు రిపేర్ చేస్తడంట. ఆయన కండ్లు సరిగ కనబడయి, నా చెయ్యి ఆడది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి. నువ్వు బడికి పో."

బడి ఇంకా తెరవలేదు. ఆ సంగతి చెప్పేలోగా వెళ్ళిపోయారు.

సెప్టెంబరు 27

దుకాణానికి వెళ్ళారు. మధ్యాహ్నానికి వస్తానన్నారు. చింతపండు సంపాదించి చారు పెట్టాను. మధ్యాహ్నం అయింది. సాయంత్రం కూడా అవుతోంది. ఎవరితో ఏం కబుర్లు చెబుతున్నారో, ఎవరికి ఏం పాఠాలు చెబుతున్నారో. ఇంట్లో ఒక మనిషి ఆకలితో కూర్చుని ఉంటుందన్న ధ్యాస లేదు ఆ మనిషికి. అన్నం చల్లారిపోయింది. రానీ, చెబుతాను.